తుప్పు పట్టిన పాత పికప్ తొట్టికి కొత్త అడుగు రేకు: మొదటి నుంచి చివరిదాకా

మా నాన్న టాటా మొబైల్ పికప్‌కు ఇప్పటికి రెండుసార్లు అడుగు రేకు వేయించాం. 1988లో మార్కెట్‌లోకి వచ్చిన మోడల్ అది. మాది తొంభైల నాటి బండి. ఏపీ 09 నంబరు ప్లేటు ఇంకా అలాగే ఉంది. కడియం నుంచి లారీల్లో దిగే మొక్కలను హైదరాబాద్ నర్సరీలకు చేరవేయడమే దాని పని. రోజూ తడి మట్టి, నానిన కొబ్బరి పొట్టు, మధ్యమధ్యలో పొటాష్ సంచులు. పొటాష్ అంటే ఎక్కువగా పొటాషియం క్లోరైడ్, ఒక రకం ఉప్పే. హైదరాబాద్‌కు సముద్రపు గాలి లేకపోయినా మా తొట్టికి సముద్రం పక్కన బతికినంత తుప్పు పట్టిందంటే కారణం ఇదే.

మొదటిసారి ఒక షెడ్డులో పాత రేకు తీయకుండానే దాని మీద చెక్కర్ ప్లేట్ (ఉబ్బెత్తు చుక్కలున్న రేకు) పరిచి చుట్టూ వెల్డింగ్ చుక్కలు పెట్టి ఇచ్చారు. చూడ్డానికి గట్టిగా, అందంగా ఉంది. రెండో వానాకాలంలో కుండీల లోడుతో వస్తుంటే ఒక మూల కిందికి దిగబడింది. ప్లేటు ఎత్తి చూస్తే కింద పాత రేకు పొడిపొడిగా రాలింది. రెండు రేకుల మధ్య సన్నని సందులోకి పాకిన నీరు మళ్ళీ ఆరే దారే లేదు. ఆ మధ్యలో తుప్పు నిశ్చింతగా పెరిగింది. ఇనుము తుప్పుగా మారితే దానికి ముందున్న చోటుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి కాబట్టి, వెల్డింగ్ చుక్కలను కూడా అది లోపలి నుంచి నెట్టి విడగొట్టింది.

రెండోసారి ఒక పెద్దవయసు ఉస్తాద్ దగ్గర కూర్చుని, సగం పని నా చేతులతో చేశాను. బండి రాగానే ఆయన తొట్టిలోకి ఎక్కలేదు. "మీదికెల్లి చూస్తే రోగం కనబడదు బేటా, కింద పండుకొని చూడు" అన్నాడు. ఈ మార్గదర్శి అక్కడి నుంచే మొదలవుతుంది.

కింద పడుకుని చూడండి

బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, టార్చిలైటు, మొన ఉన్న స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, చాక్‌పీసు తీసుకుని కిందికి వెళ్ళండి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి, పెచ్చులు నేరుగా ముఖం మీద పడతాయి. తొట్టి అడుగున అడ్డంగా నాలుగైదు చానెళ్ళు ఉంటాయి. రేకు వాటి మీద కూర్చుంటుంది, అవి ఛాసిస్ మీద కూర్చుంటాయి. ఒక్కో చానెల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్ళినది డబ్బుడబ్బుమంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. దిగితే చాక్‌తో గుర్తు పెట్టండి.

తుప్పు ఎక్కడ ఎక్కువుందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. కమాను కట్టల పికప్‌లు ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కాస్త పైకి లేచి ఉంటాయి, లోడు పడితేనే సమానం అవుతాయి. రాత్రి ఖాళీ బండి ఇంటి ముందు నిలబడినప్పుడు పడిన వాన నీరు డాలా (వెనక తెరిచే తలుపు) వైపు పోదు, క్యాబిన్ వైపుకు పారి ముందు గోడ మూలల్లో నిలుస్తుంది. మా బండిలో రెండు ముందు మూలలూ పూర్తిగా పోయి, డాలా దగ్గర రేకు దాదాపు బాగానే ఉంది. మీ బండిలోనూ ముందు మూలలు, చక్రాల గూళ్ళ అంచులు, చానెళ్ళ చివరలు ముందుగా చూడండి. నీరు ఎక్కడ ఆగుతుందో తెలియకుండా కొత్త రేకు వేస్తే అది కూడా అక్కడే పోతుంది.

చిల్లులు అరచేయంత మేర ఒకటి రెండు చోట్లే ఉండి, చానెళ్ళు గట్టిగా ఉంటే అతుకు చాలు. చానెల్, రేకు కలిసే చోటు ఉబ్బి తుప్పు పొరలు కనిపిస్తుంటే మాత్రం అతుకుల మీద డబ్బు పెట్టకండి. మొత్తం రేకు తీయాల్సిందే.

కాలం, కాగితాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి రోజులు. వానాకాలంలో గాలిలో తేమకు, శుభ్రం చేసిన ఇనుము మీద కొన్ని గంటల్లోనే ఎర్రటి పొర వచ్చేస్తుంది. మే ఎండలో పెయింట్ పరచుకోకముందే ఆరిపోతుంది. మాకు మొత్తం తొమ్మిది రోజులు పట్టింది, అందులో రెండు రోజులు పెయింట్ ఆరడానికే.

కాగితాల టెన్షన్ పెద్దగా పెట్టుకోనక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే కొలత, అదే ఆకారంలో పాడైన రేకు తీసి కొత్తది వేయడం మరమ్మతు. తొట్టి పొడవు, వెడల్పు, గోడల ఎత్తు పెంచడం మార్పు. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు రాసి ఉంటుంది కనుక, బలం కోసమని మందపాటి ప్లేటు వేయాలనుకునేవారు బరువు లెక్క చూసుకోవాలి.

రేకు ఎంపిక

ఉక్కు రేకు మి.మీ. మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మా తొట్టి లోపలి కొలత సుమారు 2.1 మీటర్లు, 1.5 మీటర్లు. అంటే 3.15 చదరపు మీటర్లు. 1.6 మి.మీ. రేకు అయితే దాదాపు 40 కిలోలు, 2 మి.మీ. అయితే 50 కిలోలు, 3 మి.మీ. అయితే 74 కిలోలు. షాపులో రేటు కూడా కిలో లెక్కనే చెబుతారు కాబట్టి ఈ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్తే బిల్లు సరిచూసుకోవచ్చు. గేజ్‌లలో అడిగితే 16 గేజ్ అంటే సుమారు 1.6 మి.మీ., 14 గేజ్ అంటే సుమారు 2 మి.మీ. వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి.

మొక్కలు, కూరగాయలు, ఇంటి సామాను మోసే బండికి గట్లు వచ్చేలా వంచిన 1.6 మి.మీ. రేకు సరిపోతుంది. ఇటుకలు, ఇనుము మోస్తే 2 మి.మీ. తీసుకోండి. చదును రేకుకు లేని బిగువు ఆ గట్ల వల్ల వస్తుంది, సామాను అడుగున గాలి ఆడుతుంది, నీరు గాడుల్లో పారుతుంది. చెక్కర్ ప్లేట్‌కు నేను వ్యతిరేకిని. బరువెక్కువ, దాని చుక్కల మధ్య మట్టి పేరుకుంటుంది. అల్యూమినియం చెక్కర్ అసలే వద్దు. ఇనుము, అల్యూమినియం తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది.

రెండు రకాలు దొరుకుతాయి: పూత లేని మామూలు సీఆర్ రేకు, జింకు పూత ఉన్న జీపీ రేకు. తుప్పు విషయంలో జీపీ మేలు. కానీ వెల్డింగ్ చేసేచోట జింకు మండి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి జ్వరం వస్తుంది. పాలు తాగితే ఏమీ కాదని షెడ్లలో అంటారు. పాలు ఊపిరితిత్తులకు అడ్డుపడవు. జీపీ వాడితే వెల్డింగ్ చేసే అంచుల్లో జింకును ముందే గ్రైండ్ చేసి, ఆరుబయట గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, సరైన మాస్కు వేసుకుని చేయాలి. మేము సీఆర్ రేకే తీసుకుని, డబ్బు ప్రైమర్ మీద పెట్టాం.

బోల్టులు, రబ్బరు షీటు, డిస్కులు, సీలెంట్ రాణిగంజ్‌లో ఒక పూటలో అన్నీ దొరుకుతాయి. రేకు వంచే పనికి బాలానగర్ వెళ్ళండి. షీరింగ్, బెండింగ్ మెషిన్లు ఉన్న చిన్న వర్క్‌షాపులు అక్కడ చాలా ఉన్నాయి.

తొట్టి దించడం

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. డీజిల్ ట్యాంకు తొట్టి కిందే ఉంటే దాన్ని పూర్తిగా దించి దూరంగా పెట్టండి. ట్యాంకు దగ్గర తడి గోనె కప్పి గ్రైండర్ ఆడించేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నింపే గొట్టం, వెనక లైట్ల వైర్లు, ఎర్త్ పట్టీ విప్పి, ఏది ఎటు పోయిందో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

తొట్టిని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు దశాబ్దాల తుప్పుతో బిగుసుకుని ఉంటాయి. రెండు రోజుల ముందే వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలే నూనె కొట్టి, సాయంత్రం మళ్ళీ కొట్టండి. రింగు పానాతో ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి. రాకపోతే కోసేయడమే మంచిది, కొత్త బోల్టులు ఎలాగూ వేస్తాం. తొట్టి ఎత్తడానికి చైన్ కప్పీ ఉంటే సరే, లేకపోతే ఆరుగురు మనుషులు కావాలి. కింద పడిపోయేది చిన్న బరువు కాదు, ఇద్దరు ముగ్గురితో సాహసం వద్దు.

కోయకముందు కొలత

పని మొత్తంలో ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. అడుగు రేకు తీసేస్తే తొట్టి గోడలు రెండూ అట్టపెట్టె గోడల్లా అటూఇటూ పోతాయి. ఒకసారి పోతే డాలా మళ్ళీ మూతపడదు.

తొట్టిని రసమట్టం చూసి నాలుగు స్టాండ్ల మీద సమంగా పెట్టండి. మూలల నుంచి మూలలకు రెండు కర్ణాలూ కొలవండి. అవి సమానంగా ఉండాలి, తేడా 3 మి.మీ. దాటితే తొట్టి ఇదివరకే పక్కకు లాగిందని అర్థం. డాలాకు రెండు పక్కలా ఉన్న సందు, గోడల మధ్య దూరం ముందు, మధ్య, వెనక కొలిచి గోడ లోపలి వైపే మార్కర్‌తో రాయండి. కాగితం పోతుంది, గోడ పోదు. అడ్డ చానెళ్ళు ముందు గోడ నుంచి ఎంత దూరంలో ఉన్నాయో, బోల్టు రంధ్రాలు ఎక్కడున్నాయో కూడా రాయండి. తర్వాత 25 మి.మీ. చదరపు పైపులు రెండు మూడు గోడల మధ్య అడ్డంగా, ఒకటి ఐమూలగా చుక్క వెల్డింగ్ పెట్టండి. చివర్లో వాటిని తీసేస్తాం.

పాత రేకు తీయడం

చుక్క వెల్డింగులు ఎక్కడున్నాయో చూడాలంటే పాత పెయింట్ గీకాలి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి ఎన్95 మాస్కు వేసుకుని, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా చేయండి. ఒక్కో చుక్కను 8 మి.మీ. స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు వరకే తొలచండి. కింద చానెల్‌కు చిల్లు పడకూడదు. అన్నీ తొలిచాక మధ్యలో రేకును గ్రైండర్‌తో ముక్కలుగా కోసి, అంచులను ఉలితో విడదీయండి. గోడల పక్కన ఒక అంగుళం అంచు గట్టిగా ఉంటే ఉంచుకోండి, కొత్త రేకు కూర్చోడానికి అది పనికొస్తుంది. మా దాంట్లో ముందు గోడ దగ్గర ఆ అంచే లేదు. 2 మి.మీ. కోణం పట్టీ కొత్తగా వేయాల్సి వచ్చింది.

చానెళ్ళ సంగతి

రేకు లేచాక చానెళ్ళ లోపలి భాగం మొదటిసారి కనిపిస్తుంది. చాలా బండ్లలో ఈ చానెల్ టోపీ ఆకారంలో ఉండి, పైన రేకు మూత పడగానే పెట్టెలా మూసుకుపోతుంది. చక్రాలు చిమ్మే బురద చివరల నుంచి లోపలికి పోతుంది, బయటికి రాదు. మా నాలుగు చానెళ్ళలో మూడింటి నుంచి గంపెడు మట్టి తీశాం. అందులో మొక్కల వేర్లు కూడా ఉన్నాయి.

పాడైన చానెళ్ళన్నీ ఒకేసారి కోసేయకండి. ఒకటి కోసి, కొత్తది అదే చోట నిలిపి, చుక్కలు పెట్టి, కొలత చూసి, ఆ తర్వాతే రెండోది. లేకపోతే ఎంత కొలత రాసుకున్నా ఆధారం మిగలదు. కొత్త చానెల్‌ను పాతదాని కొలతతో బాలానగర్‌లో 2 మి.మీ. రేకుతో వంచించుకోవచ్చు. రెండు చివర్ల దగ్గర, అట్టడుగున 10 లేదా 12 మి.మీ. రంధ్రం వేయండి. ఛాసిస్ మీద కూర్చునే చోట, బోల్టు పక్కన రంధ్రం వద్దు, అక్కడ బలం కావాలి. నీరు పోవడానికి, తర్వాత లోపలికి మైనం పిచికారీ చేయడానికి అదే రంధ్రం పనికొస్తుంది. మూత పడకముందే చానెల్ లోపల ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. ఇంకెప్పుడూ చేయి దూరని చోటు అది.

ఎంత అవసరమైనా ఛాసిస్‌కు మాత్రం వెల్డింగ్ పెట్టకండి. తొట్టి బోల్టులతో, రబ్బరు మీద కాస్త కదిలేలా ఉండాలి. గుంతల్లో ఛాసిస్ మెలి తిరిగినప్పుడు బిగదీసి వెల్డ్ చేసిన తొట్టి అతుకుల దగ్గర చీలుతుంది.

కొత్త రేకు తయారీ

మార్కెట్లో మామూలుగా దొరికే షీటు 8 అడుగులు, 4 అడుగులు. తొట్టి వెడల్పు 5 అడుగులు. అంటే పొడవునా ఒక అతుకు తప్పదు. ఆ అతుకును గాడిలో పెట్టకండి, గట్టు మీదకు వచ్చేలా కొలత వేయండి. పొలంలోలాగే నీరు గాడిలో నిలుస్తుంది, గట్టు మీద నిలవదు.

గట్లు తొట్టి పొడవునా, ముందు నుంచి వెనకకు ఉండాలి. ఒక్కో గట్టు రేకు వెడల్పును కొంత తినేస్తుంది. 12 మి.మీ. ఎత్తు, 45 డిగ్రీల వాలు ఉన్న గట్టుకు రెండు పక్కలా కలిపి సుమారు 10 మి.మీ. ఎక్కువ రేకు కావాలి. 8 గట్లకు 80 మి.మీ. ఈ లెక్క మరిచి కోయిస్తే రేకు గోడకు అందదు. నేను ముందుగా అట్టముక్క మీద గీసి, వర్క్‌షాపులో సన్నని రేకు ముక్కతో ఒక్క గట్టు వంచి చూపించమన్నాను. వాళ్ళ డైని (వంచే అచ్చును) బట్టి కొలత రెండు మి.మీ. అటూఇటూ అవుతుంది, దాన్ని చూసి మిగతావి సర్దుకున్నాం.

గాడులు ముందు గోడకు తగిలే చోట, ప్రతి గాడి చివర ఒక రంధ్రం ఉండాలి. ఖాళీ బండిలో నీరు చేరేది అక్కడికే అని ముందే చూశాం కదా. రంధ్రం కింద క్యాబిన్ వెనక భాగం, వైర్లు, ట్యాంకు లేకుండా చూసుకోండి.

అన్నీ కోసిన తర్వాత వెల్డింగ్ లేకుండా ఒకసారి పరిచి, బిగింపులు పెట్టి, డాలా మూసి చూడండి. తర్వాత రెండు బకెట్ల నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. తొట్టిని బండి మీద ఎలా వాలి ఉంటుందో అలాగే వెనక కాస్త ఎత్తి పోయాలి. మాకు కుడి చక్రం గూడు పక్కన నీరు నిలిచింది. రేకు అంచును అక్కడ 4 మి.మీ. దించి సరిచేశాం. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి.

వెల్డింగ్

మామూలు కడ్డీ వెల్డింగ్‌కు 1.6 మి.మీ. రేకు సులభంగా చిల్లు పడుతుంది. షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనే మిగ్ మెషిన్, 0.8 మి.మీ. వైరుతో పని శుభ్రంగా వస్తుంది. చానెల్ మీదికి వచ్చే చోట రేకులో 8 మి.మీ. రంధ్రాలు, 50 మి.మీ.కు ఒకటి చొప్పున వేసి, ఆ రంధ్రం నింపుతూ వెల్డ్ చేయాలి. కంపెనీ చుక్క వెల్డింగులకు దగ్గరి పద్ధతి ఇదే. రెండు రేకులు ఆనుకునే ముఖాలకు వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ పూయండి.

మధ్య చానెల్‌తో మొదలుపెట్టి ముందుకూ వెనక్కూ వెళ్ళండి. వరుసగా కాకుండా ఒకటి ఇక్కడ, తర్వాతది దూరంగా అక్కడ. చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్క రంధ్రానికి రండి. తొందరపడి నీళ్ళు చల్లితే రేకు వంకర పోతుంది. పది చుక్కలకోసారి కర్ణాలు, డాలా సందు చూడండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, పని ఆపిన తర్వాత కనీసం అరగంట ఒకరు అక్కడే కూర్చోవాలి. గోనెలు, పాత రబ్బరు లోలోపల రాజుకుని ఆలస్యంగా అంటుకుంటాయి.

సీలు, పెయింట్

వెల్డింగ్ మచ్చలు ఫ్లాప్ డిస్కుతో చదును చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయండి. రాత్రికి వదిలేస్తే పొద్దున్నే మళ్ళీ గీకాలి. ప్రైమర్ ఆరాక అతుకులన్నింటికీ పీయూ (పాలీయురేథేన్) సీలెంట్, ఆ తర్వాత పై రంగు. లప్పం తొట్టి అడుగున వాడకండి. బరువు పడగానే పగిలి, ఆ పగుళ్ళలో నీరు నిలబెట్టుకుంటుంది. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే టూకే పెయింట్ పిచికారీ చేస్తే అందులోని ఐసోసైనేట్‌లు ఊపిరికి చాలా ప్రమాదం. గుడ్డ మాస్కు, ఎన్95 రెండూ చాలవు. తగిన ఏర్పాటు ఉన్న పెయింటర్‌కు ఇవ్వండి.

అడుగు వైపు తారు కోటింగ్ కొడతామని చాలామంది అడుగుతారు. శుభ్రమైన ప్రైమర్ మీద పలుచగా అయితే పరవాలేదు, తుప్పు మీద కొడితే దాన్ని దుప్పటి కప్పి పెంచినట్టే. రంధ్రాలు మూసుకుపోకుండా ముందే వాటిలో పుల్లలు పెట్టించండి. చివరగా చానెళ్ళలోకి, చక్రాల గూళ్ళ వెనక సందుల్లోకి మైనం పిచికారీ చేయండి.

తిరిగి ఎక్కించడం

ఛాసిస్ పై ముఖాన్ని గీకి ప్రైమర్ వేసి, కొత్త రబ్బరు ముక్కలు పెట్టి, తొట్టిని దించండి. జింకు పూత ఉన్న బోల్టులు, వెడల్పు వాషర్లు, లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు వాడండి. నాలుగు మూలలూ సగం బిగించి, డాలా మూసి చూసి, అప్పుడు పూర్తిగా బిగించండి. ఎర్త్ పట్టీ కింద మాత్రం పెయింట్ గీకి మెరిసే ఇనుముకు బిగించాలి. అది మరిస్తే వెనక లైట్లు మసకగా వెలుగుతాయి. ట్యాంకు, గొట్టం, వైర్లు ఫొటోలు చూసి కలపండి. 500 కిలోమీటర్ల తర్వాత బోల్టులు ఇంకోసారి బిగించండి.

తొట్టిలో రబ్బరు చాప శాశ్వతంగా పరిచి ఉంచకండి. లోడు దిగాక తీసి గోడకు ఆనించండి. ఎరువు మోసిన రోజు సాయంత్రం పైపుతో కడిగి, డాలా తెరిచి వదిలేయండి. రంధ్రాల్లో వారానికోసారి కమ్మీ ఆడించండి.

మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున నేను టార్చి తీసుకుని మళ్ళీ కిందికి వెళ్ళాను. అన్ని రంధ్రాల కిందా నేల తడిగా ఉంది, ఎడమ వైపు రెండో చానెల్ కింద మాత్రం పొడిగా ఉంది. కమ్మీ పెడితే ఆ రంధ్రంలో సీలెంట్ గడ్డకట్టి ఉంది. దాన్ని పొడిచి తీయగానే గ్లాసుడు నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి.